పేరు రాయలేని పైపు

సిల్వియా మేడం సొంతూరు హత్నూర దగ్గర. తండ్రి సుందర్‌రాజు పటాన్‌చెరులో ఒక కంపెనీ బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆమె చదివింది జెస్విట్ ఫాదర్ల కాలేజీలో. అదే ఇప్పుడు యూనివర్సిటీ అయింది. ఫాదర్లు పిలిస్తే బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చింది. పాత విద్యార్థులను కలపడం, వాళ్లను చందాలు అడగడం ఆమె పని. మేడం ఇంటివాళ్లు పోయేది ఫాదర్ల చర్చికి కాదు, వేరే చర్చికి. తల్లి దయావతి ఇప్పటికీ దెప్పుతుంది.

"ఫాదర్లకు అడుక్కొచ్చి పెట్టెటందుకా బ్యాంకు ఇడిసిపెట్టినవ్?"

నేను అక్కడ కూలి పని చేస్తాను. గుంతలు తవ్వడం, కుర్చీలు మోయడం, ఫ్యాన్లు బిగించడం. మా దగ్గర ఏది ఇచ్చినా దాని మీద పేరు రాయాలి. ఫ్యాను రెక్క మీద, బెంచీ వీపు మీద, బీరువా తలుపు మీద అన్నీ అమ్మానాన్నల జ్ఞాపకార్థాలే. ఒక క్లాసులో ఫ్యాన్లు ఎక్కువై పరీక్ష కాగితాలు ఎగిరిపోతాయి. అయినా ఇంకా ఫ్యాన్లే వస్తాయి.

కావలసింది మాత్రం వేరే. ఆడపిల్లల హాస్టల్ మురుగు పైపు కుంగిపోయి బాత్‌రూముల్లోకి నీళ్లు ఎగదన్నుతున్నాయి. జూన్‌లోగా కొత్త పైపు పడకపోతే హాస్టల్ మూసేస్తామని ఫాదర్లు చెప్పేశారు. గుమ్మడిదల, హత్నూర పల్లెల నుంచి వచ్చిన పిల్లల చదువు దాంతో ఆగిపోతుంది.

మేడం ఫోన్లు చేస్తూనే ఉంది.

"అన్నా, ఫ్యాన్లు వద్దన్నా. పైపు గావాలె."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "మట్టిల పూడ్చేదాని మీద మా నాయన పేరు ఏడ రాస్తవ్ అంటున్నడు మల్లయ్యా. ఏం జెప్పాలె గీళ్లకు?"

చివరికి తనే ఒక ఉపాయం ఆలోచించింది. మురుగు గుంతల ఇనుప మూతల మీద దాతల పేర్లు పోత పోయిస్తానని అందరికీ మెసేజ్ పెట్టింది. అదే తప్పయింది. తెల్లారగానే దుర్గాప్రసాద్ కారు దిగాడు. ఇక్కడే చదువుకుని, అట్టడబ్బాల కంపెనీ పెట్టిన మనిషి.

"ఏందమ్మా సిల్వియా, మా బాపు పేరు మీదికెల్లి చెప్పులేసుకొని నడుస్తరా పోరగాండ్లు?"

"తొక్కకుండ జూస్తమన్నా."

"ఎట్ల జూస్తవ్? మూతకొక వాచ్‌మన్‌ను పెడ్తవా?"

నాకు నవ్వొచ్చి తల దించుకున్నాను.

"పోనీ, గేటు పక్కపొంటి రాయి నిలబెడ్తం. ఎవ్వరి కాలు తగలది."

"ఏం రాస్తవ్ దాని మీద?"

"మురుగు కాల్వ దాత అని."

"నీకు దండం పెడ్త, ఆ మాట రాయకు. మా సుట్టాలు వస్తరు."

ఆ మాట మీదే పొద్దు ఎక్కింది. పారిశుద్ధ్యం అంటే మొహం తిప్పుకున్నాడు. 'జలసేవ' దగ్గర మెత్తబడి, పైపుకు డబ్బులిస్తానన్నాడు. ఆయన పోయాక మేడం మెట్ల మీద కూలబడింది.

"బ్యాంకుల ఉంటే ఈపాటికి మేనేజర్ అయితుంటి. గీడ రాయి మీద మాటకు బేరమాడుతున్న."

"జెర చాయ్ తాగుండ్రి మేడం."

"చాయ్‌తోని పోతదా గీ పరేషానీ?"

ఎండాకాలం సెలవులకు పిల్లలు ఊళ్లకు పోయినప్పుడు పైపు వేశాం. ప్రారంభోత్సవానికి దుర్గాప్రసాద్ చుట్టాలు వచ్చి రాయి చుట్టూ ఫోటోలు దిగారు. నీళ్లు ఎక్కడ వస్తాయని ఒకావిడ అడిగితే, ఆయన తాగునీళ్ల నల్లా వైపు చెయ్యి చూపించాడు. ఆ మాట మేడం విన్నది. మైకులో ఫాదర్ ఆమెను స్టేజీ మీదికి పిలుస్తుంటే, హాస్టల్ వెనక్కి వచ్చి నాతో మూత తీయించింది. లోపలున్న వార్డెన్‌కు ఫోన్ చేసింది.

"అన్ని నల్లాలు ఇడువు ఇల్మా."

కాసేపటికి సబ్బు నురగతో నీళ్లు వచ్చాయి. ఆగకుండా ముందుకు వెళ్లిపోయాయి.

"ఎన్కకు తంతలేవు గదా మల్లయ్యా?"

"లేదు మేడం. పోతున్నయ్."

ఆమె ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుంది. "ఇల్మా, పిల్లలకు చెప్పు. పెట్టెలు సదురుకొని హాస్టల్‌కు రమ్మను."