మూడోసారి అడగని విమానం

మేము మొన్న సింగపూర్ పోయొచ్చిన సంగతి మీకు తెలుసు. మా ఆమె సువర్ణ కార్డు మీద కూడబెట్టిన పాయింట్లతోని పోయినమని కూడా హాలియా ఊరంతటికీ తెలుసు. కానీ పోయేటప్పుడు విమానంల ఏమైందో ఎవరికీ చెప్పలే. ఇందాక మన చాయ్ హోటల్ నర్సన్న "చాయ్ తాగుతవా యాదగిరీ" అనంగనే నేను చెయ్యి చాపి గ్లాసు అందుకున్న. మీరంతా నా మొఖం దిక్కు చూసిండ్రు. ఎన్నడన్నా మొదటి మాటకే తీసుకున్ననా నేను? ఇప్పుడు తీసుకుంటున్ననంటే దాని ఎనక ఒక కథ ఉన్నది. నవ్వుకుంట వినుండ్రి, గంజ్ బజార్ల మాత్రం చెప్పకుండ్రి.

ముందుగాల మా ఆమె తెలివి చెప్పాలె. నా ఎరువుల దుకాణం సంగతి ఎరుకే కదా. సీజన్ వచ్చిందంటే సరుకు దించుడు, కంపెనీకి పైసలు కట్టుడు, ఇదే పని. బ్యాంకుల మేడం ఒకసారి నాకు క్రెడిట్ కార్డు అంటగట్టింది. కంపెనీకి కట్టేది కార్డు మీద కట్టుడు మొదలుపెట్టిన. కొన్నొద్దులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీకు పాయింట్లు జమ అయినయి, బహుమతి తీసుకోండి అని. నేను సంబరపడి ఒక హాట్‌బాక్స్ తెప్పించిన. పుక్కట్ల వచ్చిందని ఇంట్ల మురుసుకుంట చూపెట్టిన. మా ఆమె మూత తీసింది, మళ్ళ పెట్టింది. మూత సక్కగ పడలే. ఈ డబ్బకు ఎన్ని పాయింట్లు పోయినయని అడిగింది. చెప్పిన. ఇంకో మాట లేకుండ నా ఫోన్ తీస్కొని లోపలికి పోయింది.

ఆమె బీకాం చదివింది, నేను ఇంటర్‌తోనే దుకాణంల కూసున్న. ఆమె ఫోన్ల వీడియోలు చూసింది, బ్యాంకుకు పోయి మేడంను గుచ్చి గుచ్చి అడిగింది. వారం తిరగకముందే నాకు పాఠం చెప్పుడు షురూ చేసింది.

"పాయింట్లంటే సన్నొడ్లు అనుకో. కల్లంల పచ్చిగున్నప్పుడే అమ్మితే ఎవడెంతంటే అంతకే ఇయ్యాలె. ఆరబెట్టి, ఆగి, సమయం చూసి అమ్మితే ధర మనం చెప్తం."

హాట్‌బాక్స్ తెచ్చుకునుడంటే సన్నొడ్లను తవుడు ధరకు ఇచ్చినట్టేనంట. అవే పాయింట్లను విమానం కంపెనీ పాయింట్లుగ మార్చుకొని, విమానంల ముంగటి సీటు, అదే మంచం లెక్క పండుకునే సీటు తీసుకుంటే విలువ ఎన్నో రెట్లు పెరుగుతదంట. అన్నిటికన్న ముందు కార్డు బిల్లు గడువుల కట్టాలె, ఒక్క నెల వడ్డీ పడ్డా పాయింట్లన్నీ బూడిదల పోసిన పన్నీరే. ఇగ నెలనెలా గడువు రాకముందే నా నెత్తి మీద నిలవడి కట్టించేది. అప్పుల విషయంల నన్ను అంత సక్కగ నడిపినోళ్ళు ఎవ్వరూ లేరు, మా నాయినతోని కూడా కాలే.

ఆమె ఆడికే ఆగలే. చుట్టాలల్ల ఎవరు ఫ్రిజ్ కొన్నా, ఎవరింట్ల పెండ్లికి షామియానా కిరాయి కట్టాల్సి వచ్చినా, మా ఆమె కార్డు పట్టుకొని ముంగట తయారు. వాళ్ళ దగ్గర నగదు తీసుకునుడు, కార్డు గీకుడు. మా బామ్మర్ది బిడ్డ పెండ్లిల పెండ్లి పిల్ల కన్న మా సువర్ణ మొఖమే ఎక్కువ ఎలిగింది. ఇగ పొద్దుగాల లేసిందంటే ఫోన్ల సీట్లు చూసేది. సాగర్ కాలువకు నీళ్ళు ఎప్పుడు ఇడుస్తరా అని మన రైతులు చూస్తరు సూడు, గట్లనే. తక్కువ పాయింట్లకు మంచి సీటు ఏ దినం వస్తదో ఆ కంపెనోళ్ళ కన్న ఆమెకే ముందు తెలిసేది.

పోయిన ఎండాకాలం దొరికింది. ముంగట ఒక్క సీటు, ఎనక ఒక్క సీటు. వచ్చేటప్పుడు కూడా గంతే. పోయేటప్పుడు ముంగట నువ్వు కూసో, వచ్చేటప్పుడు నేను కూసుంట అన్నది. మా పెండ్లయిన కాంచి మేమిద్దరం సక్కగ ఏ ఊరికీ పోలే. వానాకాలం అయితే యాసంగి, యాసంగి అయితే వానాకాలం. బస్తాలు మోసీ మోసీ నా నడుం కూడా పోయింది, కారుల గంట కూసున్నా లేవలేను. నా నడుం కోసమే పండుకునే సీటు పట్టిందని నాకు అప్పుడు సమజైంది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నోటితోని మాత్రం "ఎందుకు, నువ్వే కూసో" అన్న. ఆమె మళ్ళ చెప్పింది. మళ్ళ వద్దన్న. మూడోసారి గట్టిగ చెప్పినంక ఊ అన్న.

మన దిక్కు పద్ధతే అది కదా. చిన్నప్పుడు చుట్టాలింటికి పోతే మా అవ్వ ముందే చెప్పేది, పెట్టంగనే ఎగబడకు అని. అన్నం తిందురు రాండ్రి అంటే, అయ్యో ఇప్పుడే తినొచ్చినం అనాలె. కడుపుల ఎలుకలు ఉరికినా గదే మాట. వాళ్ళు మళ్ళ అడుగుతరు, మనం మళ్ళ వద్దనాలె. మూడోసారి వాళ్ళు చెయ్యి పట్టుకొని గుంజి పీట మీద కూసోపెడతరు, అప్పుడు తినాలె. మొదటిసారి అడిగేది మాట వరసకు, మూడోసారి అడిగేది మనసుతోని. నేను ఒకసారి మొదటి మాటకే గారె అందుకుంటే మా అవ్వ తొడ మీద గిచ్చిన గిచ్చుడు ఇప్పటికీ యాదికున్నది. ఆ గిచ్చుడే నన్ను ముంచింది.

విమానం మధ్యాహ్నం పూట. విమానాశ్రయంల కార్డు చూపెడితే లోపలికి రానిచ్చే లాంజ్ ఒకటున్నది. ఆడ ఇడ్లీ నుంచి పలావు దాక అన్నీ ఉన్నయి. నేను ప్లేటు పట్టుకున్న. మా ఆమె ప్లేటు తీసేసింది. ఈడ కడుపు నింపుకోకు, నీ అసలు దావత్ పైన ఉన్నదన్నది. ఆమె మాత్రం సుబ్బరంగ తిన్నది, ఎనక సీట్లల్ల ఏం పెడతరో ఏమో అని. నేను చాయ్ తాగి ఊకున్న.

విమానం ఎక్కే కాడ నా అంగీ గుండీ సదురుకుంట చెప్పింది.

"సీటు ఒక్కటే కాదు, తిండి కూడా ఆ పాయింట్లల్లనే ఉన్నది. వాళ్ళు ఏది ఇచ్చినా తిను. తిని కాళ్ళు చాపి పండుకో. నీ నడుంకు సుకం దొరికితే నా పాయింట్లు వసూలైనట్టే."

సరే అన్న. సరే అననీకి ఏం పోయింది.

నా సీటు చూడాలె మీరు. మన నర్సన్న కౌంటరు కన్న పెద్దగున్నది. పక్క సీట్ల కోటు తొడుక్కున్న సారు ఒకాయన ఉన్నడు. కూసున్ననో లేదో, విమానం అమ్మాయి పండ్ల రసం గ్లాసులు పట్టుకొని వచ్చింది. సార్, జ్యూస్ తీసుకుంటారా అని హిందీల అడిగింది. నా నోరు నన్నడగకుండనే "నై నై, అబ్బీచ్ పియా", ఇప్పుడే తాగిన అన్నది. ఆమె సరే సార్ అని నవ్వి పక్క సారు దిక్కు తిరిగింది. ఆయన తీసుకున్నడు. నేను రెండోసారి కోసం చూస్తున్న. ఆమె ఎనకకు పోయింది.

పర్వాలేదు, జ్యూసే కదా అనుకున్న. విమానం లేసినంక జీడిపప్పు గిన్నె తెచ్చింది. ఈసారి తీసుకుందామనే అనుకున్న. కానీ ఆమె వంగి అడగంగనే మా అవ్వ గిచ్చినట్టు తొడ సుర్రుమన్నది. వద్దమ్మా అన్న. పక్క సారు మాత్రం రెండు గిన్నెలు తీసుకున్నడు. ఈయనకు ఇంట్ల ఎవ్వరూ పద్ధతి నేర్పలేదేమో అనుకున్న.

అసలు భోజనం వచ్చింది. కాయిదం మీద ఏమేం ఉన్నయో రాసి చేతికిచ్చి, ఏం తింటారు సార్ అని అడిగింది. నా కడుపు అప్పటికి ఇంజన్ కన్న ఎక్కువ చప్పుడు చేస్తున్నది. అయినా మొదటి మాటకే బిర్యానీ అంటే ఏమనుకుంటది, తిండికి లేనోడు ఈడికి వచ్చి తింటున్నడు అనుకోదా. "భూక్ నై హై, రహెనే దో", ఆకలి లేదు ఉండనియ్యి అన్న, జర నిదానంగ, ఇంకోసారి అడగనీకి సందు ఇచ్చుకుంట. ఆమె ఆ సందుల నుంచి సక్కగ ఎల్లిపోయింది.

పక్క సారు ముంగట తెల్ల గుడ్డ పరిచిండ్రు. బిర్యానీ వచ్చింది, పనీర్ వచ్చింది, ఇంకేందో ఎర్రటి కూర వచ్చింది. ఆ వాసనకు నాకు కండ్లు తిరిగినయి. బటన్ నొక్కి పిలిస్తే అయిపోయేది. కానీ అడుక్కొని తింటే ఇంక మర్యాద ఏముంది. నేను ఏం చేసిన్నంటే, ఆమె నా పక్క నుంచి పోయినప్పుడల్లా మొఖం ఎత్తి ఆమె దిక్కు చూసిన. ఒకసారి ఆగింది. ఏమన్నా కావాల్నా సార్ అన్నది. దేవుడా, రెండోసారి వచ్చింది అనుకున్న. ఏం వద్దమ్మా అన్న. మూడోసారికి పక్కా తీసుకుంట. ఆమె నా మొఖం చూసి పాపం ఈ సారుకు పాణం బాగలేదనుకున్నదేమో, పరుపు వేసి సీటు మంచం చెయ్యమంటారా అని అడిగింది. నేను దానికి కూడా వద్దన్న. ఆమె కిటికీ తెర కిందికి దించి, దుప్పటి ఒకటి ఒళ్ళో పెట్టి, నా ముంగట లైటు బంద్ చేసి పోయింది. ఇగ దిగేదాక ఎవ్వరూ నా దిక్కు రాలే.

సీటును పండుకునేటట్టు ఎట్ల చెయ్యాల్నో నాకు తెల్వదు. పక్కన ఏవో బటన్లు ఉన్నయి, తప్పుది నొక్కితే ఎవరన్నా ఏమన్నా అంటరేమో అని ఒక్కటి కూడ నొక్కలే. మా ఊరి బస్సుల కూసున్నట్టు నిటారుగ కూసొనే సింగపూర్ చేరుకున్న. ఆ చీకట్ల మా సువర్ణ యాదికొచ్చింది. పెండ్లిండ్లల్ల కార్డు పట్టుకొని తిరిగినామె. నాకు మస్తు సిగ్గయింది.

దిగినంక ఎనక నుంచి ఆమె ఉరుక్కుంట వచ్చింది. నడుం ఎట్లున్నది, పండుకున్నవా, ఏమేం పెట్టిండ్రు అని ఒక్కతీరుగ అడుగుతున్నది. ఆ మొఖం చూసి నిజం చెప్పబుద్ధి కాలే. బిర్యానీ, పనీర్, ఎర్ర కూర అని పక్క సారు తిన్నదంతా నా కడుపుల ఏసుకొని చెప్పిన. ఆమె వింటున్నకొద్దీ ఆమె మొఖం ఎలుగుతున్నది. సంచిలకెళ్ళి ఒక బన్ను తీసింది. ఎనక సీట్లల్ల ఇచ్చిండ్రంట, నా కోసం దాసింది. తింటవా, బిర్యానీ తిన్నోనివి ఇది ఏం తింటవ్ తీయ్ అని మళ్ళ సంచిల పెట్టబోయింది.

నేను ఆ బన్ను గుంజుకున్న. రెండు బుక్కలల్ల అయిపోయింది. ఆమె నడుసుడు ఆపి నా దిక్కు చూసింది.

"నిజం చెప్పు యాదగిరీ. ఏం తిన్నవ్?"

చెప్పిన. జ్యూస్ నుంచి పరుపు దాక అన్నీ చెప్పిన. ఆమె ఆడనే సామాన్ల బండి మీద కూసున్నది.

"ఇన్నేండ్లు కూడబెట్టి నిన్ను ఉపాసం తీస్కొచ్చిన్నా? నాకు పాయింట్ల బాధ లేదు. నువ్వు ఒక్క ఘడియన్నా కాళ్ళు చాపి పండుకుంటవని అనుకున్న."

ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలే. అప్పుడు ఆమె మొఖం దాసుకున్నది, ఏడుస్తున్నదనుకున్న. దగ్గరికి పోతే నవ్వుతున్నది. నవ్వు ఆపుకోలేక బండి పట్టుకున్నది. "దుప్పటి ఇచ్చి లైటు బంద్ చేసిందా" అని మళ్ళ మళ్ళ అడుగుతున్నది.

సింగపూర్ సంగతి ఇంకోపాలి చెప్త, బాగనే ఉన్నది. తిరిగొచ్చేటప్పుడు ఆమె ముంగట, నేను ఎనక. ఎక్కే కాడ నేను పెద్ద మనిషి లెక్క, మొదటి మాటకే ఊ అను అని చెప్పిన. ఆమె నా దిక్కు ఒక్క చూపు చూసి పోయింది.

ఎనక సీట్ల నేను అందరి లెక్కనే భోజనం తిన్న. ట్రే మన ముంగట పెట్టనే పెడతరు కాబట్టి వద్దనే పని లేకుండె. తిన్నంక జర సేపటికి ఒక అమ్మాయి గాజు గిన్నెల ఐస్‌క్రీం, పైన పిస్తా పలుకులు, పట్టుకొని నా కాడికి వచ్చింది. తీసుకుంటారా సార్ అన్నది. ఇన్నొద్దులు అనుకున్నదంతా మరిచి నా నోరు నై నై అన్నది. ఆమె పోలే. తీసుకోండి సార్, బాగుంటది అన్నది. వద్దమ్మా, ఎందుకు తక్లీఫ్ అన్న. ఆమె అట్లనే నిలవడి నవ్వుకుంట మూడోసారి అడిగింది. నాకు పాణం లేసొచ్చింది. ఇదీ పద్ధతంటే అనుకొని గిన్నె అందుకున్న. అటూ ఇటూ చూస్తే ఇంకెవ్వరికీ ఇయ్యలే. మన మర్యాద చూసి ఇచ్చిండ్రు అనుకున్న.

దిగినంక మా సువర్ణ కాడికి ఛాతి ఇరుసుకుంట పోయిన. ముంగటి సీట్లల్ల పైసలు ఉన్నయి కానీ పద్ధతి లేదు, ఎనక చూడు, ఆ పిల్ల మూడుసార్లు అడిగింది, ఎవరో మంచి ఇంటి పిల్ల అన్న.

ఆమె సుకంగ పండుకొని లేసిన మొఖంతోని నా దిక్కు చూసింది.

"ఆ ఐస్‌క్రీం నాది. ఎనక ఫలానా సీట్ల మా ఆయన ఉన్నడు, మూడుసార్లు అడుగు, రెండుసార్లకు ఎనుకకు రాకు అని నేనే చెప్పి పంపిన."

గంత తెలివి ఉన్న ఆడామె మీ ఎవరింట్లనన్నా ఉంటే చెప్పుండ్రి. నేను పోగొట్టిన పాయింట్లల్ల ఒక గిన్నెడన్నా తిరిగి వసూలు చేసి నా చేతుల పెట్టింది. అందుకే ఆనాటి నుంచి ఒట్టు పెట్టుకున్న, ఎవరు ఏది అడిగినా మొదటి మాటకే ఊ అంట. నా గ్లాసు ఖాళీ అయి ఎంతసేపైంది నర్సన్నా, ఒక్కసారన్నా అడుగు మరి.