మా లైన్‌లో జరగని రెండో హత్య

మా చెల్లెలి కొడుకు విశాఖలో చదువుకుంటున్నాడు. ఏ ఊళ్ళో హత్యలు ఎక్కువ, ఏ ఊళ్ళో తక్కువ, ఎందుకలా అన్నది వాడి చదువుకు కావాలట. "పెద్దమ్మా, మీ ఖరగ్‌పూర్‌లో మర్డర్లెక్కువంటారు కదా, ఎందుకంటావు?" అని ఫోన్లో అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఊరు కత్తి పట్టుకుని తిరుగుతాదేటిరా?" అని కసిరి పెట్టేశాను. పెట్టేశాక మాత్రం పాపం వాడడిగినదాంట్లో తప్పేముందనిపించింది.

నేను పుట్టింది ఇక్కడే, ఈ బెంగాల్ రైల్వే ఊళ్ళోనే. మా నాన్నా వర్క్‌షాపే, మా ఆయనా వర్క్‌షాపే. నేను చూసినంతలో హత్య ఊరంతటికీ సమానంగా రాదు. మలంచా రోడ్డు మీద మేడల్లో వాళ్ళు దాన్ని పేపర్లో చదువుకుంటారు. గోల్‌బజార్‌లో బట్టల కొట్లవాళ్ళు ఆ రోజుకి షట్టర్లు కాస్త ముందుగా దించుతారు. చచ్చేవాళ్ళు మాత్రం మా నిమ్‌పురా లాంటి చోట్ల మగపిల్లలు. పాతికేళ్ళు నిండకుండా, చేతిలో పని లేకుండా, పాత ఇనుము వ్యాపారం చేసే దాదాల వెనక తిరిగేవాళ్ళు. చంపేవాళ్ళూ వాళ్ళే. ఆ రెండిళ్ళ ఆడవాళ్ళూ ఒకే కుళాయి దగ్గర బిందెలు పెడతారు. పోనీ ఒకదానితో ఆగుతుందా అంటే ఆగదు. అన్న పోతే తమ్ముడు బయల్దేరతాడు. ఆ రెండోదాన్ని ఆపే మనిషి ఉన్నచోట హత్యలు తక్కువ, లేనిచోట ఎక్కువ. నాకు తెలిసింది ఇంతే.

మా క్వార్టర్ల లైన్‌లో ఆపిన మనిషి పక్క క్వార్టర్ అక్క.

అక్క భర్త సర్వీసులో ఉండగానే పోయాడు. రైల్వే ఇచ్చింది ఇద్దరు కొడుకులకీ కలిపి ఒక్క ఉద్యోగం. పెద్దవాడు పది తప్పాడు కాబట్టి అది చిన్నవాడికి వచ్చింది. పెద్దవాడు ఇనుము దాదాల వెనక పడ్డాడు. ఒక సాయంత్రం యార్డు గోడ పక్కన, వాటా దగ్గర మాటామాటా పెరిగి, వెనక లైన్ కుర్రాడు కత్తి దించేశాడు. పెద్దవాడు అక్కడికక్కడే పోయాడు. ఆ కుర్రాడు చిన్నప్పుడు మా ఇళ్ళలో అన్నం తిన్నవాడే. వాడు జైలుకి పోయాడు. వాడికీ ఒక తమ్ముడున్నాడు.

అక్క చిన్నకొడుకు డ్యూటీ మానేశాడు. గడ్డం పెంచి, గుమ్మంలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కేసి చూసేవాడు. ఎవరి కోసం చూస్తున్నాడో లైనంతటికీ తెలుసు. జైల్లో ఉన్నవాడు చేతికందడు కదా, వాడి తమ్ముడైతే అందుతాడు. పెద్దలొచ్చి చెప్పారు, నేనూ చెప్పాను. వినలేదు. అక్క మాత్రం ఏమీ అనేది కాదు. ఈవిడకి బుర్ర పనిచేస్తోందా అని నేను లోపల విసుక్కునేదాన్ని.

ఇంతలో మాతా పూజ వచ్చింది. మా తెలుగువాళ్ళ లైన్లలో అమ్మవారి ఘటం తలకెత్తుకున్న ఆడమనిషి గడప గడపకీ ఆగుతుంది. ఆ ఇంటివాళ్ళు ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయాలి. నీళ్ళు పడందే ఘటం ముందుకు కదలదు. ఆ ఏడు ఘటం ఎత్తింది ఎవరనుకున్నారు? జైల్లో ఉన్నవాడి తల్లి! కొడుకు లోపలికెళ్ళిన రోజే మొక్కుకుందట. పెద్దలు వద్దన్నా వినలేదు. తల్లి తూలితే పట్టుకోవడానికి రెండోకొడుకు పక్కనే నడుస్తాడు.

సంగతి తెలిసిన వెంటనే నేను అక్క ఇంటికి పరిగెత్తాను. "అక్కా, ఈ ఏడు తలుపులేసీసి మా ఇంటికొచ్చీ. నీళ్ళు నేనే పోసెస్తాను," అన్నాను.

"నా గడపకి నువ్వెందుకు పోస్తావు సెల్లీ?" అంది. పసుపు కలిపింది, వేపాకు వేసింది.

చిన్నకొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా కింద నడుం దగ్గర ఎత్తుగా కనిపించింది. కత్తే. "అమా, ఆడు మన గుమ్మం తొక్కితే నేను మనిషిని కాను," అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. డప్పులు నాలుగిళ్ళ అవతలికి వచ్చేశాయి.

డప్పులు ఆగాయి. ఘటం మా ముందుంది. దాని కింద ఆ తల్లి మొహం, పక్కన ఆ కుర్రాడు. అక్క పెద్ద ఇత్తడి బిందె నిండా నీళ్ళతో బయటికొచ్చింది. తను పొయ్యలేదు. తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టేసింది. అంత బరువు ఒంటిచేత్తో మొయ్యడం ఎవరి తరం? వాడి రెండు చేతులూ దానికే సరిపోయాయి.

"నాన్న పోనాడు, అన్న పోనాడు. ఈ గడపకి మొగోడివి నువ్వే. పొయ్యి," అంది.

వాడు కదల్లేదు. నేనైతే ఆ కుర్రాడికి అడ్డం పడదామని ఒక అడుగు వేశాను కూడా. అప్పుడు ఘటం కింద నుంచి ఆ తల్లి, "పొయ్యి నాయనా, కాళ్ళు కాలిపోతన్నాయి," అంది.

వాడు కిందకి చూశాడు. కాగిన తారు మీద ఆమె పాదాలు బొబ్బలెక్కి ఉన్నాయి. మొదటి నీళ్ళు పక్కన పడ్డాయి. తర్వాత వంగి, బిందె ఖాళీ అయ్యేదాకా ఆ కాళ్ళ మీదే పోశాడు. డప్పులు మళ్ళీ మోగాయి. ఘటం మా గుమ్మం వైపు తిరిగింది.

లోపలికి వచ్చాక అక్క చెయ్యి చాపింది. వాడు చొక్కా ఎత్తి, కత్తి తీసి ఇచ్చి, గోడవైపు తిరిగి పడుకుండిపోయాడు. నేను అక్కని పట్టుకుని ఏడ్చేశాను. "తల్లీ, నీ అంత మనసు నాకు నేదే! ఆళ్ళని ఎలాగ క్షమించినావు?" అన్నాను.

అక్క నన్ను పక్కకి నెట్టింది. అంత కోపం ఆవిడ మొహంలో అంతకుముందు చూడలేదు.

"నేనేటి, క్షమించినానా? జన్మలో క్షమించను. దాని కొడుకు జైల్లో ఉన్నా అది నెలకోపాలి ఎల్లి మొహం సూసుకుంటాది. నా పెద్దోడి మొహం నేనెక్కడ సూసుకునేది? ఈడొక్కడే మిగిలినాడు. ఈణ్ణి నేనెవులికీ ఇవ్వను."