నూరేళ్ళ గడి

ఆ రోజుల్లో చదువుకున్నవాడి మీద చదువుకోనివారికి ఉండిన నమ్మకం కన్నా, చదువుకున్నవాడికి తన మీద తనకుండిన నమ్మకమే ఎక్కువ ప్రమాదకరమైనదని ఇప్పుడు అనిపిస్తుంది. మా వంశంలో మొదటి పట్టభద్రుణ్ణి నేను. మా నాన్నగారు రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలంటే ఆయనకు ఇనుపవే తెలుసు. నేను గణితశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఇంటికి తెచ్చి చూపినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని మీద ఏ బండి నడుస్తుంది నాయనా" అని అడిగారు. (వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.) ఆ బండి ఢిల్లీ దాకా నడిచింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఒక మండలిలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మునిర్కాలో గేదెల కొట్టం పైన ఒక అద్దె గది, ట్రంకు పెట్టె, దరియాగంజ్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలలో కొన్న లాగరిథం పట్టికలు నా ఆస్తిపాస్తులు. పుస్తకంలో ఉన్న లెక్కకు లోకం లోబడి ఉంటుందని మనసా వాచా నమ్మిన కాలమది.

మా విభాగానికి పెద్ద సూపరింటెండెంటు గారు. మా నాన్నగారు ఉత్తరాలు రాయించినప్పుడల్లా "మీ సూపర్నెంటు గారికి నమస్కారాలు" అని రాయించేవారు గనుక, నా మనసులో ఆయన ఈనాటికీ సూపర్నెంటు గారే. మాది తూర్పు గోదావరి అని తెలిసిన మొదటి ఆదివారమే నన్ను భోజనానికి పిలిచారు. ఆయన భార్యను నేను ఢిల్లీ పద్ధతిలో "ఆంటీ" అనబోతే, "ఆ మాట అంటే నీకు చారు నీళ్ళే పోస్తాను. పిన్నీ అను" అన్నారు. పిన్నిగారనే అన్నాను. చారు చిక్కగానే వచ్చింది. వారికి పిల్లలు లేరు. ముప్ఫై ఏళ్ళుగా ఢిల్లీలో ఉంటున్నా పిన్నిగారు మంచు పడటం చూడలేదు. సెలవు ప్రయాణానికి కార్యాలయం ఖర్చులిచ్చిన ప్రతిసారీ ఎవరిదో పెళ్ళి, ఎవరిదో సీమంతం, రైలు దక్షిణానికే తిరిగేది. "రిటైరయ్యాక నెల్లాళ్ళు సిమ్లాలో ఉందాం. నెత్తిన మంచు పడితేగానీ కిందికి దిగొద్దు" అని సూపర్నెంటు గారు ఆమెకు మాటిచ్చారు. ఆ మాట పట్టుకునే ఆమె చలికాలపు ఎండలో పంజాబీ ఇరుగమ్మల పక్కన కూర్చుని ఉన్నితో అల్లడం నేర్చుకున్నారు.

మా మండలిలో పింఛను లేదు. విరమణ నాడు భవిష్యనిధి సొమ్ము చేతిలో పెట్టి, పూలదండ మెడలో వేసి పంపించేస్తారు. సూపర్నెంటు గారికి యాభై ఎనిమిది దగ్గర పడుతుండగా ఒక ఆదివారం ఉదయం ఆయన నా ముందు తెల్లకాగితం పెట్టారు. "ఏమోయ్ లెక్కల పంతులూ. అరవై వేలు వస్తాయట. ఇప్పుడు ఇంటి ఖర్చు నెలకు అయిదువందలు. ఈ డబ్బు మమ్మల్ని చివరిదాకా మోస్తుందా, మధ్యలో దింపేస్తుందా? సిమ్లా వెళ్ళొచ్చా, లేదా? అది తేల్చు."

ఒక మనిషి తన జీవితాన్ని నా కాగితం మీద పెట్టడం అదే మొదలు. నేను రూళ్ళకర్రతో గడులు గీశాను. చేతికొచ్చే సొమ్ము ఒక గడి, వడ్డీ ఒక గడి, ధరల పెరుగుదల ఒక గడి. వడ్డీ గడిలో ఎనిమిది శాతం వేశాను.

"పది వెయ్యి" అన్నారు ఆయన.

"బ్యాంకువాళ్ళు అంత ఇవ్వరు సార్."

"చాందినీ చౌక్‌లో ఎవరో నూటికి నెలకు రెండు రూపాయలిస్తున్నారట."

"వాళ్ళు వడ్డీ ఇచ్చినంత కాలం ఇచ్చి, అసలు పట్టుకుపోతారు సార్."

"సరే, కాగితం మీదే కదా. పదేసి చూడు, ఎంతకాలం వస్తుందో."

వేసి చూశాను. "ధరలు పెరగవనుకుంటే ఎప్పటికీ అయిపోదు సార్."

"చూశావుటే, రెండు శాతంతో అశ్వత్థామనైపోయాను" అని ఆయన వంటింటి వైపు కేకేశారు.

"ధరలు పెరగవా? ఉల్లిపాయనడగండి, చెబుతుంది" అన్న జవాబు అట్టు తిరగేస్తున్న చప్పుడుతో పాటు వచ్చింది.

నేను చలించలేదు. ఎనిమిదే ఉంచాను. ధరలకు నాలుగు తీసేశాను. మిగిలిన నాలుగే మన నిజమైన రాబడి అని, ఇంతకు మించి ఆశించడం ఆత్మవంచన అని, ఆయన వయసులో సగం కూడా లేని నేను ఉపన్యాసం ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నారు. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగింది. ఎన్నేళ్ళ వయసు వరకు డబ్బు కావాలి అన్న గడి అది. అంటే, ఎదురుగా కూర్చుని నాకు రెండో పెసరట్టు వేయిస్తున్న మనిషి ఎప్పుడు పోతారో నేను నిర్ణయించి, సిరాతో రాయాలి. లాగరిథం పుస్తకంలో దానికి పట్టిక లేదు.

"ఆగావేం?"

"ఎంతవరకు వేయమంటారో అని, సార్."

"చెప్పానుగా. చివరివరకు."

"చివర అంటే..." అని నీళ్ళు నమిలాను.

ఆయనకు అర్థమైంది. కిటికీ వైపు చూశారు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పిన్నిగారు గుమ్మం దగ్గర అట్లకాడతో నిలబడి నా కలం పాళీనే చూస్తున్నారు. పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. నాకు తెలిసిన పెద్దలందరి దీవెనలూ, నేను రాసిన శుభలేఖలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. నూరు అని రాశాను.

"నీ నోట్లో పంచదార పొయ్య" అని పిన్నిగారు లోపలికి వెళ్ళారు. సూపర్నెంటు గారి ముఖం బహుమతి అందుకున్న బడిపిల్లవాడి ముఖంలా వెలిగింది. వడ్డీ విషయంలో హరిశ్చంద్రుడిలా నిలబడినవాణ్ణి, ఆయుష్షు విషయంలో మర్యాద కోసం బొంకాను. ఒకే కాగితం మీద, ఒకే కలంతో. ఆ సంగతి నాకు అప్పుడు తోచనే లేదు.

పట్టికలు తిరగేసి ఫలితం చెప్పాను. నూరేళ్ళూ గడవాలంటే నెలకు రెండువందల నలభై ఎనిమిది రూపాయలు.

"అంటే ఇప్పుడు తినేదాంట్లో సగం" అన్నారు ఆయన నెమ్మదిగా.

"సగం కన్నా రెండు రూపాయలు తక్కువ సార్" అని సరిదిద్దాను. (ఖచ్చితత్వం మీద నాకు అంత పట్టు.)

విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేసి వారు మునిర్కాలోనే, మా పక్క సందులో రెండు గదులు తీసుకున్నారు. నా కాగితాన్ని ఆయన బీరువా తలుపు లోపల అంటించారు. ప్రభుత్వ ఉత్తరువును పాటించినట్లు దాన్ని పాటించారు. పేపరు మానేసి, ఉదయం నా గదికి వచ్చి నాది చదివేవారు. కాఫీ ఒంటిపూటకు దిగింది. బస్సు ఎక్కదగిన చోటికి నడిచి వెళ్ళి, మిగిలిన పైసలను నాకు చూపి "నీ లెక్కకు ఒక రోజు కలిపాను" అనేవారు. నేను గర్వించేవాణ్ణి. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే గర్వించేవాణ్ణి.

సిమ్లాకు మాత్రం ఆ నూరే రెండు విధాల అడ్డమైంది. నూరేళ్ళు బతకాలి గనుక వెళ్ళడానికి డబ్బు చాలదు. నూరేళ్ళు బతుకుతారు గనుక తొందరా లేదు. "నలభై రెండు చలికాలాలున్నాయే నీకు. ఒకటి పోతే నలభై ఒకటి. వచ్చే ఏడు రెండు రూపాయలు మిగిల్చి వెళ్దాం" అనేవారు. పిన్నిగారు మేడ మీద ఎండలో కూర్చుని ఆయన కోసం కోతిటోపీ అల్లుతుంటే, ఇంటివాళ్ళ కోడలు "దీదీ, శిమ్లా కబ్ జా రహీ హో" అని, సిమ్లా ప్రయాణం ఎప్పుడంటూ ఆటపట్టించేది. "అగ్లే సాల్" అనేవారు పిన్నిగారు, వచ్చే ఏడు అని. ఆమె హిందీలో వ్యాకరణ దోషం లేకుండా పలికే మాట అదొక్కటేనని సూపర్నెంటు గారు నవ్వేవారు. మేమందరమూ నవ్వేవాళ్ళం.

మూడో చలికాలంలో, పొగమంచు దట్టంగా ఉన్న ఒక ఉదయం, ఆయన పాలబూత్ వరుసలో నిలబడి పక్కవాడితో ఏదో మాట్లాడుతూ కూలిపోయారు. గుండె ఆగిందన్నారు. ఆయనకు అరవై నిండి నాలుగు నెలలు. చేయవలసిన పనులన్నీ చేశాను. ఆ తరువాత నెల రోజులు ఆ సందులోంచి నడవలేక, చుట్టు తిరిగి బస్టాపుకు వెళ్ళేవాణ్ణి. ఆ నెలలో నేను చేసిన మరో పని కూడా చెప్పాలి. చివరి గడిలో నూరు కొట్టేసి డెబ్బై వేసి, లెక్క మళ్ళీ కట్టాను. నెలకు అయిదువందల ముప్ఫై మూడు వచ్చింది. మూడుసార్లు సరిచూశాను. ప్రతిసారీ అంతే వచ్చింది.

పిన్నిగారే కబురు పంపారు. వెళ్ళాను. బీరువా తెరిచి ఉంది. తలుపు మీద నా కాగితం, నా ముత్యాల్లాంటి అక్షరాలు. దాన్ని చించేయబోతే "ఉండనీ" అన్నారు.

"పిన్నిగారూ, నేను ఆ రోజు డెబ్బై అని రాసి ఉంటే మీరిద్దరూ సిమ్లా చూసేవారు. పేపరు, కాఫీ, అన్నీ ఉండేవి."

"డెబ్బై అని రాసి ఉంటే ఆ అట్లకాడతోనే నీ వీపు విమానం మోత మోగించేదాన్ని" అన్నారు ఆమె. "లెక్కలో తప్పేం లేదు నాయనా. మనిషినే తప్పు రాశావు. ఆ నూరూ నాకు ఒదిలిపెట్టి పోయారాయన" అన్నారు.

అప్పటికి ఆమెకు యాభై ఒకటి. అన్ని గడులు గీసిన ఆ కాగితం మీద ఆమెకంటూ ఒక్క గడి కూడా లేదని నేను అప్పుడు చూశాను.

వెళ్ళేటప్పుడు ఆ కోతిటోపీ నా చేతిలో పెట్టారు. "నూరేళ్ళు..." అని మొదలుపెట్టి, ఆపేసి, "చలి ముదురుతోంది, పెట్టుకో" అన్నారు. పెట్టుకుంటే కళ్ళ మీదికి జారింది. ఆయన తల పెద్దది. ఏమీ కనిపించకపోవడం ఆ క్షణంలో నాకు మేలే చేసింది.

ఎనభైలలో వడ్డీలు పెరిగాయి, ధరలూ పెరిగాయి. ప్రతి ఏటా పిన్నిగారి పక్కన కూర్చుని ఆ కాగితాన్ని ఆమె పేరు మీద మళ్ళీ కట్టేవాణ్ణి. నా పెళ్ళయ్యాక నేనూ నా భార్యా సిమ్లా తీసుకువెళతామని ఎన్నిసార్లు అడిగినా "అగ్లే సాల్" అనే అన్నారు. తన ఎనభై ఆరేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. చివరి నెల వరకు డబ్బు అయిపోలేదు.

నేను పదవీ విరమణ చేసిన వారంలో, ఢిల్లీ శివారు ద్వారకలోని మా ఫ్లాట్‌లో, మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని నా లెక్క కట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ దాని జవాబులు హిందీలోనే. "నాన్నా, రిటర్న్ సెవెన్ పర్సెంట్ డాలా హై. ఏజ్ ఎయిటీ ఫైవ్. ఠీక్ హై న?" అంది, టీ కప్పు ఎత్తుతూ. దాని చేయి ఎక్కడా ఆగలేదు. ఠీకే. నాకే ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. నూరు వేస్తే దీని సొమ్మేం పోయింది అనిపించింది. ఆ ఆదివారం సూపర్నెంటు గారి ముఖం ఎందుకు వెలిగిందో ఇన్నేళ్ళకు తెలిసి, నాలో నేనే నవ్వుకున్నాను.

"నాది తరువాత చూద్దాం. ముందు మీ అమ్మ గడి నింపు" అన్నాను.

"కిత్నా లిఖూఁ?" అని, ఎంత రాయమంటావన్నట్లు నా వైపు తిరిగింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"నూరు వెయ్యమ్మా" అన్నాను.