ఏడో మెట్టు

నగరం నడిబొడ్డునున్న ఆ సర్కారు హైస్కూలుకి ముప్పయ్యేళ్లుగా ఆయనే వాచ్‌మన్. మొలలో తాళంచెవుల గుత్తి, కళ్లలో అనుమానం. వరదొస్తే పేటంతా తలదాచుకునేది ఆ గదుల్లోనే. వాటిని కూల్చేసి దుకాణాలు కడతారని ఈమధ్య గుసగుసలు. అందుకే, కూల్చేవాళ్ల మనుషులు లోపలికి రాకుండా, ఇక్కడే చదివానంటూ ఎవరొచ్చినా గేటు దగ్గరే నిలేస్తాడు: "పైకెళ్లే మెట్లలో ఏది దాటేసి ఎక్కాలి?"

నిన్న మెరిసే బూట్లతో ఒకాయన వచ్చాడు. "ఏడోది బాబాయ్, ఊగుతుంది. దానిమీంచి పడే నా పన్ను విరిగింది," అని నవ్వాడు. వాచ్‌మన్ నవ్వలేదు. వచ్చినతని జేబులోంచి కొలతల టేపు తొంగిచూస్తోంది.

"చదివినోడివే. మరి టేపెందుకు బాబూ?"

"ఊరికే..." అతను చూపు తిప్పుకున్నాడు.

వాచ్‌మన్ సగం తీసిన గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పరాయివాళ్లని ఆపడానికి ఆ ప్రశ్న చాలేది. సొంతవాళ్లని ఆపే ప్రశ్న ఆయన దగ్గర లేదు.