మా అమ్మ పాటను బయటికి తీసిన సార్

నెల కింద ఒక మంగళవారం పొద్దున ఆఫీసులో హాజరు రిజిస్టర్‌లో సంతకం పెడుతుంటే, మా టైపు సార్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, రెండు నిమిషాల్లో నేనే చేస్త" అన్నాను, అటువైపు మాట వినకుండానే. పలికింది సార్ కాదు, ఆయన భార్య, మా ఆంటీ. "సార్ పోయిన్రు బిడ్డా. చాయ్ తాగి పేపర్ చూస్తున్నరు. చేతిలకెళ్లి పేపర్ జారింది. నేను వంగి తీసి ఇద్దామని చూస్తే..."

వాళ్ల ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. మా ఆఫీసు నుంచి నడిచిపోయేంత దూరం. అంత దగ్గర ఉండి కూడా నేను ఆ ఇంటి గడప తొక్కక ఏడాది దాటింది. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే రాసేదంతా అబద్ధమైపోతుంది.

ఇంటర్ అయిపోయిన ఎండాకాలం నేను సార్ దగ్గర చేరాను. ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణాల మధ్య ఒక ఇరుకు మెట్ల దారి, పైన కిరాయికి తీసుకున్న గది, అందులో పది టైపు మిషన్లు. మా వేళ్ల మీద తువ్వాల కప్పి టైపు కొట్టించేవారు. "కండ్లు కాగితం మీద పెట్టు. వేళ్లకు తెలుస్తది" అనేవారు. అక్షరం తప్పు కొడితే ఏమీ అనేవారు కాదు. తప్పు కనపడకూడదని దాని మీదే ఇంకో అక్షరం కొడితే మాత్రం కాగితం లాగేసేవారు. "తప్పు కొట్టినవా, కొట్టినవ్. దాని నెత్తి మీద ఇంకోటి కొట్టకు." ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా నేను ఆ మాట మీదే బతుకుతున్నాను.

టైపు మిషన్ల కాలం పోయింది. సార్ ఆ గదిలోనే కంప్యూటర్ క్లాసులు పెట్టారు. అవీ ఆగిపోయాక, యాభై దాటిన వయసులో, పాడైన లాప్‌టాప్‌లు తెచ్చుకొని విప్పి రిపేరు నేర్చుకున్నారు. ఎవరు ఏ మిషన్ తెచ్చినా ముందు బల్ల మీద పాత పేపర్ పరిచేవారు. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచేవారు. ఏమైందని అడిగేవారు కాదు. "ఎప్పటిదాంక మంచిగుండె?" అని అడిగేవారు. దవాఖానలో డాక్టర్ కూడా అంత ఓపికగా వినడు.

నాలుగేళ్ల కింద మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. అంతకు ముందు మా బస్తీలో ఏ పెళ్లయినా మంగళహారతి పాట మా అమ్మే ఎత్తుకునేది. ఆమె గొంతు మిగిలింది ఒక్కచోటే, మా చిన్నమ్మ బిడ్డ పెళ్లి డిస్క్‌లో. సుల్తాన్ బజార్‌లో ఆ వీడియో తీసిన దుకాణం ఎప్పుడో మూతపడింది, ఇంకో కాపీ లేదు. అమ్మకు వినిపిద్దామని మా పాత లాప్‌టాప్‌లో పెట్టాను. గర్రుమని తిరిగింది, ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే తెర మీద డిస్క్ డ్రైవ్ గుర్తే లేదు. బటన్ నొక్కితే ట్రే బయటికి రాలేదు. డిస్క్ లోపలే ఉండిపోయింది.

ఒక దుకాణంలో చూపించాను. "డ్రైవ్ ఖతమైంది మేడమ్. పగలగొట్టి తీస్తం, డిస్క్‌కు ఏమన్న అయితే మాకు సంబంధం లేదు" అన్నారు. దాన్ని చేతిలో పట్టుకొని నేరుగా సార్ గదికి నడిచాను.

సార్ తలుపు దగ్గరికే వచ్చారు. అంతా విన్నారు. "పాడైందనకు. కనపడ్తలేదు అను. రెండూ ఒకటి గాదు" అన్నారు. పేపర్ పరిచారు. చేతులు మడిచారు. స్క్రూడ్రైవర్ అందుకున్నారు. అప్పుడు చూశాను, ఆయన చేతులు వణుకుతున్నాయి. స్క్రూ తలలో మొన పెట్టబోతే అది పక్కకు జారింది. రెండోసారీ జారింది. మూడోసారి పెట్టలేదు. స్క్రూడ్రైవర్ నా వైపు జరిపారు.

"కూసో. నువ్వే తియ్యాలె."

"నాకు రాదు సార్."

"టైపు వచ్చేనా, నువ్వు మొదలొచ్చినప్పుడు? గట్లనే."

ముందు మిషన్ ఆన్ చేయించారు. విండోస్ రాకముందే ఒక బటన్ నొక్కితే వచ్చే సెట్టింగుల తెర చూడమన్నారు. అందులో హార్డ్ డిస్క్ పేరుంది, డిస్క్ డ్రైవ్ పేరు లేదు. "సాఫ్ట్‌వేర్ తప్పయితే గీడ పేరు ఉంటుండె. గీడనే లేదంటే, అతుకు దగ్గర తేడా ఉండాలె, లేకుంటే డ్రైవే పోయి ఉండాలె. అతుకు సంగతి ముందు చూద్దాం." మిషన్ బంద్ చేయించారు, చార్జర్ పీకించారు, బ్యాటరీ తీయించారు. కింద డ్రైవ్‌ను పట్టి ఉంచేది ఒక్కటే స్క్రూ. తీశాను. పక్కనుంచి మెల్లగా లాగితే డ్రైవ్ అగ్గిపెట్టె అరలా జారి వచ్చింది.

దాని ముందు భాగంలో సూది దూరేంత రంధ్రం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. సార్ ఒక పేపర్ క్లిప్పును తిన్నగా సాగదీసి ఇచ్చారు. "సక్కగ లోపలికి పెట్టు. అడ్డం తగిలినంక జర ఒత్తు. గుంజకు, ఒత్తు." టక్కుమంది. ట్రే వేలెడంత బయటికొచ్చింది. మిగతాది చేత్తో లాగితే, అమ్మ పాట ఉన్న డిస్క్ దుమ్ము పట్టి కనిపించింది. నేను ఏడ్చాను. సార్ చూడనట్టు కిటికీ వైపు తిరిగారు. కొంచెంసేపటికి, "అంచులు పట్టుకొని తియ్యి, వేలిముద్రలు పడనియ్యకు" అన్నారు.

డ్రైవ్ వెనక, మిషన్‌కు తగులుకునే అతుకును మెత్తటి బ్రష్‌తో తుడిపించారు. మళ్లీ లోపలికి తోసి, సరిగ్గా కూర్చున్న చప్పుడు వినపడేదాకా ఒత్తమన్నారు. ఈసారి సెట్టింగుల తెరలో పేరు కనిపించింది. విండోస్‌లో మాత్రం దాని పక్కన పసుపు గుర్తు వచ్చింది. ఆ పేరును లిస్టులోంచి తీసేసి మళ్లీ స్టార్ట్ చేయమన్నారు. మిషన్ దాన్ని కొత్తగా గుర్తుపట్టింది. డిస్క్ తుడిచి పెట్టాను. వెంటనే పాట పెట్టబోతే నా చెయ్యి ఆపారు.

"ముందు కాపీ చెయ్యి. వినుడు తర్వాత. మళ్ల తిరుగుతదో లేదో ఎవలకెరుక?"

రెండు గంటలు పట్టింది. అంచున గీత పడ్డచోట, పాట చివర రెండు చరణాలు రాలేదు. వేరే డ్రైవ్‌లో పెట్టి కూడా చూశారు, రాలేదు. "ఇది నాతోని గాదు బిడ్డా" అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకు ముందు నేను వినలేదు.

ఇంటికి పోయి అమ్మకు వినిపించాను. కండ్లు పెద్దవి చేసి విన్నది. ఎడమ చేతి వేళ్లతో మంచం పట్టె మీద తాళం వేసింది. పాట తెగిపోయింది. అమ్మ వేళ్లు ఆగలేదు. చివరి రెండు చరణాలకు ఎంతసేపు పడుతుందో అంతసేపు తాళం వేసి, తర్వాత చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నది.

రాత్రి ఎనిమిది కాకముందే సార్ ఫోన్. "అమ్మ విన్నదా?"

"విన్నది సార్. పాట లేనికాడ కూడా విన్నది."

దగ్గుతూ ఫోన్ పెట్టేశారు.

పోయిన దీపావళి తర్వాత నాకు ఒకసారి ఫోన్ చేశారు. "ఒక స్క్రూ ఉన్నది బిడ్డా, నా చేతికి దొరుకుతలేదు. తీరుబడి ఉన్నప్పుడు రా." శనివారం వస్తానన్నాను. ఆ శనివారం ఆఫీసుకు ఆడిట్ వచ్చింది. తర్వాత శనివారం అమ్మకు జ్వరం. ఆ తర్వాత నాకు ఏ అడ్డమూ లేదు. మరిచిపోయాను, అంతే. ఆయన రెండోసారి అడగలేదు.

పన్నెండో రోజు దాటాక, గది ఖాళీ చేయాలని ఆంటీ నన్ను తోడు తీసుకుపోయారు. బల్ల మీద పేపర్ పరిచి ఉంది. దాని మీద బోర్లా పెట్టిన లాప్‌టాప్. తీసిన స్క్రూలు ఒక సీసా మూతలో ఉన్నాయి. మూలన ఒకటి మాత్రం అలాగే ఉంది. దాని చుట్టూ స్క్రూడ్రైవర్ జారిన గీతలు, ఎన్నో.

"గిది లక్డీకాపూల్ టీచరమ్మది. వేరే దుకాణానికి పంపిద్దామంటే విన్లే" అన్నారు ఆంటీ. "నా పిల్ల వస్తదన్నరు."

నేను కూర్చున్నాను. ఆ స్క్రూ తల అరిగిపోయి ఉంది. మెల్లగా ఒత్తి తిప్పితే నాలుగోసారికి వచ్చింది. దాన్ని మూతలో వేశాను. ఆంటీ నా వీపు మీద చెయ్యి వేశారు. ఆమె ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అన్నా బాగుండేది.

సామాను ఆటోలో పంపించి, ఇద్దరం తాళం వేసి మెట్లు దిగాం. చివరి మెట్టు దగ్గర, భుజాన నల్ల లాప్‌టాప్ సంచి వేసుకున్న ఒక పెద్దాయన ఎదురుపడ్డాడు. అఫ్జల్‌గంజ్‌ నుంచి నడిచి వచ్చాడట, చొక్కా చెమటకు తడిసి ఉంది.

"అమ్మా, పైన సార్ ఉన్నరా?"

నేను నోరు తెరిచేలోపలే ఆంటీ అన్నారు. "ఇయ్యాల రారయ్యా."

"గట్లనా. ఫికర్ లేదు, రేపొస్త తియ్" అని ఆయన వెనక్కి తిరిగాడు. పిలవనా అన్నట్టు నేను ఆంటీ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపారు. చెప్పుల దుకాణాల ముందు జనంలో ఆ నల్ల సంచి కాసేపు కనపడుతూ, కాసేపు కనపడకుండా పోయింది. రోడ్డు దాటేచోట ఆయన దాన్ని భుజం మీంచి తీసి, బస్సులు తగలకుండా రెండు చేతులతో పొట్టకు హత్తుకొని నిలబడ్డాడు.