సుప్రియ నోట్‌బుక్

2022లో నేను మా తమిళ ఊళ్ళో, ఇందిరా నగర్‌లోని ఒక యువజన కేంద్రంలో ఆయాగా పనిచేస్తున్నాను. గదులు తెరవడం, టీ పెట్టడం, ఆడపిల్లలు ఇల్లు చేరారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం నా పని. అక్కడ ఒక్కో పిల్లకు ఒక్కో మెంటర్ ఉండేది. మెంటర్ అంటే టీచర్ కాదు. పిల్లకంటే ఆరేడేళ్ళు పెద్దదైన కాలేజీ అమ్మాయి. వారం వారం కలుస్తూ కనీసం మూడేళ్ళు తోడుండాలి. పిల్ల చెప్పింది బయటపెట్టకూడదు.

సుప్రియ యానాం నుంచి చదువుకోవడానికి వచ్చిన మెంటర్. ఆమెకు అప్పగించిన దివ్యకు పదిహేనేళ్ళు. కోసపాళయంలో మా వీధి పిల్లే. కలిసిన ప్రతిసారీ మెంటర్ జరిగింది నోట్‌బుక్‌లో రాయాలి. సుప్రియ తెలుగులో రాసేది. ఆఫీసులో అందరూ తమిళం, ఇంగ్లీషు చదివేవాళ్ళే కనుక దాన్ని బల్లమీదే వదిలి వెళ్ళేది.

ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం రాని నాకు, యాభై రెండేళ్ళ వయసులో అక్షరాలు నేర్పింది కూడా సుప్రియే. ఆ రోజుల్లో కంటపడిన ప్రతిదీ చదివేదాన్ని. ఒక శనివారం బల్ల తుడుస్తూ ఆ నోట్‌బుక్ కూడా వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. ఇల్లు వదిలిపోయిన తండ్రిని దివ్య నెలకోసారి అరియాంకుప్పం వెళ్ళి చూస్తోంది. సుప్రియ తోడు వెళ్ళి దూరంగా కూర్చుంటోంది. 'అమ్మకు తనే చెప్పాలని ధైర్యం కూడగట్టుకుంటోంది' అన్నది చివరి వాక్యం.

ఆ సాయంత్రమే దివ్య తల్లి కుమారికి చెప్పేశాను. పిల్ల మంచికే అనుకున్నాను కానీ, చదవగలిగానన్న గర్వమే ఎక్కువ. నా పేరు రాకూడదని మాట కూడా తీసుకున్నాను.

సోమవారం కుమారి కూతుర్ని లాక్కుని కేంద్రానికి వచ్చింది. "ఏమ్మా, మా పిల్లను యాడికి తీసకపోతా ఉండావు? నువ్వు అక్కవా, బ్రోకరువా?" అని సుప్రియను నిలదీసింది.

దివ్య సుప్రియనే చూస్తూ, "నీకు మాత్రమే గదక్కా చెప్పినాను" అంది.

సుప్రియ ఒక్కసారి నావైపు చూసింది. ఆ రాత చదవగలిగేది ఆ గదిలో ఇంకెవరో ఆమెకు తెలుసు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

దివ్య రావడం మానేసింది. సుప్రియ మాత్రం శనివారం శనివారం వచ్చి, ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకుని గంటసేపు కూర్చునేది. తర్వాత నన్ను పిలిచేది. "పిన్నిగారూ, ఒత్తులు రాయడం మిగిలింది కదండీ, రండి."

మూడో శనివారం ఆ పిలుపు భరించలేక దివ్య ఇంటికి వెళ్ళి, తల్లీకూతుళ్ళిద్దరి ముందూ జరిగింది ఒప్పుకున్నాను.

"అయితే ఏందక్కా, మంచికే గదా చెప్పినావు" అంది కుమారి.

ఉల్లిపాయలు ఒలుస్తున్న దివ్య తలెత్తలేదు. "చదివినావు, సరే పెద్దమ్మా. చెప్పేదానికి ముందర నన్నొక మాట అడిగుండొచ్చు గదా. ఆ ఆదివారం నేనే చెప్దామని ఉంటి."

మరుసటి వారం దివ్య సుప్రియ దగ్గరికి తిరిగి వచ్చింది. అరియాంకుప్పం మాట మాత్రం తల్లి ఎత్తనివ్వలేదు. కూతురే చెప్పి ఉంటే ఒప్పుకునేదేమో, ఇక తెలిసే దారి లేదు.

ఇప్పుడు కొత్త మెంటర్లకు నోట్‌బుక్ ఇచ్చి, బీరువా తాళం చూపించేది నేనే. పిల్ల చెప్పిన మాట పిల్లదే, ఎప్పుడు ఎవరికి చెప్పాలో తనే నిర్ణయించుకోవాలి అని చెబుతాను. నాకది ఎలా తెలిసొచ్చిందో కూడా చెబుతాను. దివ్య ఆ గదిలో ఉన్న రోజు మాత్రం తాళం చూపించి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోతాను.