బంతి ఎక్కడ పడిందో చెప్పినవాణ్ని

భూపాలపల్లిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో నాకు గోల్ఫ్ నేర్పింది మా పక్కింటాయన. బొగ్గుగనిలో సర్వేయరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. బదిలీ మీద వెళ్లిపోతున్న అధికారి ఒకాయన తన పాత గోల్ఫ్ కర్రలు మూడు, సంచెడు బంతులు అన్నకు ఇచ్చి పోయాడట. ఊరి చివర పడావు భూమిలో అన్న గుంట తవ్వి, పక్కన ఒక కట్టె పాతి దానికి ఎర్రగుడ్డ కట్టాడు. ఆదివారం పొద్దున అదే మా మైదానం.

నాకు నిలకడ తక్కువ. బంతి ముందు నిలబడగానే బడి సంగతులు, ఇంటి సంగతులు, కిందటి దెబ్బ వంకరపోయిన సంగతి, అన్నీ తలలో తిరిగేవి.

“పోయినదాన్ని ఇడిచిపెట్టు తమ్మీ,” అనేవాడు అన్న. “ఎన్నడన్న ఒక్కటి మంచిగ కొట్టినవ్ గద, గది యాదికి తెచ్చుకో. ఊపిరి ఇడిచి కొట్టు.”

వాన వెలిసిన ఒక ఉదయం నేను కొట్టిన బంతి కాలువ దాటి నేరుగా పోయి జెండా కట్టెకు తగిలి ఆగింది. కర్రకు బంతి తగిలినట్టు చేతులకు తెలియనే లేదు. అన్న పరుగున వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఎన్నో ఏళ్లు నాకు యాదికొచ్చే దెబ్బ అదే. ఆయనకు మాత్రం అలాంటివి పదీ పదిహేను ఉండేవి. ఏది ఎప్పుడు కొట్టాడో, ఆ రోజు గాలి ఎటు వీస్తోందో కూడా చెప్పేవాడు.

రిటైరయ్యాక ఆయన జనగామలో ఇల్లు కట్టుకున్నాడు. కొన్నేళ్లకు నాకూ బచ్చన్నపేట దగ్గరి బడికి బదిలీ అయి జనగామలోనే కాపురం పెట్టాను. అప్పటికే షుగరు ఆయన కళ్లను తినేస్తోంది. ముందు బంతి పడిన చోటు కనిపించలేదు. తర్వాత బంతే కనిపించలేదు. ఇక చేసేదేమీ లేదని హైదరాబాదు డాక్టర్లు చెప్పేశారు.

“చేతులు మరువలే తమ్మీ. జర తీస్కపో,” అన్నాడు.

బండి మీద కూర్చోబెట్టుకుని, పత్తికట్టె పీకేసిన ఒక చెలకకు తీసుకుపోయేవాణ్ని. అక్కడా ఒక గుంట తవ్వి, పక్కన ఎర్రగుడ్డ జెండా పాతాను. ఆయన భుజాలు జెండా వైపు తిప్పి, మోకాళ్ల మీద కూర్చుని కర్ర మొనను బంతి వెనక ఆనించి, పక్కకు జరిగేవాణ్ని. కొట్టగానే అడిగేవాడు.

“ఏడ వడ్డది?”

నేను చెప్పిందే ఆయన చూసింది.

డాక్టర్లు ఆ మాట చెప్పిన వారమే అనుకుంటాను, ఆయన కొట్టిన బంతి పది అడుగులు దొర్లి కంపలో పడింది. ఆయన మొహం చూసి నిజం చెప్పబుద్ధి కాలేదు. “సక్కగ పోయిందన్నా. జెండాకు నాలుగడుగుల్ల ఉంది,” అన్నాను. మొహం విప్పారింది. నేను బంతి కోసం కంపలోకి వంగాను. కంప గలగలమంది.

“జెండా కాడున్న బంతిని గీ కంపల ఎందుకు దేవులాడుతున్నవ్?”

బంతి తీసుకుని లేచాను. ఆయన కోప్పడలేదు. “నాకు చెప్పెటోనివి నువ్వొక్కనివే,” అన్నాడంతే.

ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనని చేతిలో చెయ్యేసి చెప్పాను. చెప్పలేదు కూడా. అడ్డంగా పోతే అడ్డంగా పోయిందన్నాను, తగలకపోతే తగల్లేదన్నాను.

రెండు నెలలకు ఒక పొద్దున ఆయన ఊపిరి వదిలి కొట్టాడు. బంతి లేచిన తీరులోనే తెలిసిపోయింది. జెండాకు ముందు పడి, మెల్లగా దొర్లి, గుంటకు జానెడు దూరంలో ఆగింది. మా ఇద్దరి ఆటలో అంత మంచి దెబ్బ నేను చూడలేదు. అరిచాను.

“జానెడే అన్నా! ఒట్టు!”

ఆయన కదలలేదు. చెయ్యి పట్టుకుని నడిపించి, కూర్చోబెట్టి, వేళ్లను బంతికి తాకించాను, తర్వాత గుంట అంచుకు. చాలాసేపు తడిమాడు.

“నీ జేబుల బంతులున్నయా?” అన్నాడు.

ఉన్నాయి. రెండు. నడిచేటప్పుడు ఆయన చేతికి తగిలే ఉంటాయి.

“అన్నా, నా పిల్లల మీద ఒట్టు, గది నువ్వు కొట్టిన బంతే.”

“సరే తియ్యి. ఎండైతాంది, పోదాం పా.”

చుట్టూ చూశాను. సాక్ష్యం చెప్పడానికి ఆ చెలకల్లో ఒక్క మనిషి లేడు.

తర్వాత మూడు ఆదివారాలు వచ్చాడు. ఏడ వడ్డదని అడగలేదు. అడగకపోయినా నేను చెప్పేవాణ్ని. తలూపేవాడు. ఆపైన కిడ్నీలు పాడై దవాఖానలో పడ్డాడు, వానాకాలంలో పోయాడు. తొర్రూరు దగ్గరి వాళ్ల సొంతూళ్లో దినాలు చేశారు.

పదోనాడు భోజనాలయ్యాక వదిన నన్ను పక్కకు పిలిచింది.

“ఒక్కటడుగుత, నిజం చెప్పు. గా బంతి నిజంగనే గుంట కాడ వడ్డదా?”

“వడ్డది వదినా. జానెడు దూరంల.”

ఆమె గోడకు ఆనుకుంది. “దవాఖానల రెండు మూడు సార్లు అడిగిండు, తమ్ముడు నిజమే చెప్పిండంటవా అని. నాకేమెర్క, నేను సూసిన్నా అనేసిన. అవునంటే అయిపోతుండె.”

ఇద్దరం అక్కడే నిలబడ్డాం.